యాది మనది, కాయితం వాళ్లది

(‘ది మప్పెట్స్’ సినిమా ప్రదర్శన తర్వాత విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బొమ్మల సినిమా చూపించి, దాని మీద ప్రసంగం కూడా ఎందుకు అని కొందరికి అనిపించి ఉంటుంది. పిల్లలు నవ్వారు, పెద్దలూ నవ్వారు, పాటలకు చప్పట్లు కొట్టారు. ఇగ ఇంటికి పోవచ్చు గదా! పోదురుగాని, ఒక్క ముచ్చట చెప్పి విడిచిపెడతాను. ఇంతసేపు మనం చూసిన కథలో కప్ప ఉంది, పంది ఉంది, ఎలుగుబంటి ఉంది. వీటన్నిటికంటే పెద్ద పాత్ర ఇంకొకటి ఉంది. అది ఒక కాయితం. ఎన్నడో సంతకం పెట్టిన ఒప్పంద పత్రం. కథంతా నడిచేది దాని మీదనే. జనం గుండెలో పెట్టుకున్న దానికి హక్కుదారు ఎవరు? ఈ ప్రశ్నను పిల్లలకు సైతం సమజయ్యేటట్టు అడిగింది ఈ సినిమా.

‘ది మప్పెట్స్’ 2011 నవంబరులో అమెరికాలో విడుదలైంది. దర్శకుడు జేమ్స్ బాబిన్. రచన జేసన్ సీగెల్, నికొలస్ స్టోలర్. ఆ సీగెలే మీరు చూసిన గ్యారీ. బూతు లేదు, నెత్తురు లేదు. ముసలివాళ్లు, పసిపిల్లలు ఒక్క చాప మీద కూర్చొని చూడదగ్గ సినిమా. నాలుగున్నర కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచమంతటా 16 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది. ఇందులో బ్రెట్ మెకెంజీ రాసిన పాటకు 2012లో ఆస్కార్ వచ్చింది. ఇంత ఆదరణ ఎక్కడి నుంచి వచ్చింది? ముప్పై ఏండ్ల కిందట ఆగిపోయిన ఒక టీవీ కార్యక్రమం మీద జనానికి ఉన్న యాది నుంచి వచ్చింది.

ఈ యాది మనకు తెలియనిది కాదు. 1987, 88లో దూరదర్శన్‌లో రామాయణం వచ్చే ఆదివారం పొద్దున, వాడకు ఒక్క టీవీ ఉంటే వాడంతా ఆ ఇంట్లోనే ఉండేది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు దూరదర్శన్ అదే రామాయణాన్ని మళ్లీ వేసింది. నూరు చానళ్లు వచ్చే ఇండ్లల్లో కూడా జనం దాన్నే పెట్టుకున్నారు. కథ కోసమా? కథ అందరికీ ఎరుకే. ఆనాడు పక్కన కూర్చున్న నాయినమ్మ, ఆ వాకిలి, ఆ పక్కింటి పిల్లలు యాదికొస్తారు. పాత టీవీ యాదిలో కార్యక్రమం సగమైతే, కలిసి చూసిన మనుషులు సగం. అమెరికాలో, ఇంగ్లండులో ఒక తరానికి అట్లాంటి యాది ‘ది మప్పెట్ షో’.

దాని పుట్టుక చాలా చిన్నది. 1955లో వాషింగ్టన్‌లోని ఒక టీవీ స్టేషన్‌లో ‘శామ్ అండ్ ఫ్రెండ్స్’ అనే అయిదు నిమిషాల బొమ్మల కార్యక్రమం మొదలైంది. చేసినవాడు జిమ్ హెన్సన్. అప్పటికి మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న పద్దెనిమిదేండ్ల పిల్లగాడు. తోడుగా పనిచేసింది జేన్ నెబెల్ అనే తోటి విద్యార్థిని. తర్వాత ఇద్దరూ పెండ్లి చేసుకున్నారు. తల్లి తొడిగి పక్కన పడేసిన పాత కోటు గుడ్డను కత్తిరించి, పింగ్‌పాంగ్ బంతిని రెండు చెక్కలు చేసి కండ్లుగా పెట్టి హెన్సన్ ఒక బొమ్మ కుట్టాడు. అదే కెర్మిట్. అప్పటికింకా అది కప్ప కూడా కాదు. ఆ మొదటి బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియం సేకరణలో ఉంది.

మన తోలుబొమ్మలాటలో ఆడించేవాళ్లు తెర వెనక ఉంటారు, బొమ్మ రంగు నీడ మనకు కనిపిస్తుంది. హెన్సన్ వేరే తెర కట్టలేదు. టీవీ పెట్టె అంచులనే తెరగా చేసుకున్నాడు. ఆడించే మనిషి కెమెరాకు అందకుండా కింద ఉంటాడు. చెయ్యి తల మీదికి ఎత్తి పట్టుకుంటాడు. కింద పెట్టిన చిన్న టీవీలో, ఇంట్లో జనానికి ఏం కనబడుతుందో అదే తనూ చూస్తూ బొమ్మను ఆడిస్తాడు. బొమ్మది కట్టె మొఖం కాదు, మెత్తటి గుడ్డ. లోపల వేళ్లు కొద్దిగా ముడుచుకుంటే బొమ్మ మొఖం చిన్నబోతుంది. రెక్క గుంజుతున్నా చెయ్యెత్తి పట్టుకున్న ఆ మనిషి మాత్రం ఎన్నడూ కనబడడు. పని ఒకరిది, పేరు ఒకరిది కావడం ఉద్యోగులకు నేను విడమరిచి చెప్పాలా?

1969లో ‘సెసమీ స్ట్రీట్’ మొదలైంది. హెన్సన్ బొమ్మలు పిల్లలకు అక్షరాలు, అంకెలు నేర్పాయి. 2006లో మన దేశంలో వచ్చిన ‘గలీ గలీ సిం సిం’ దాని భారతీయ రూపమే. అయితే ఆ పేరుతో పాటు ఇవి చిన్నపిల్లల బొమ్మలు అన్న ముద్ర కూడా పడింది. ఇంటిల్లిపాది రాత్రిపూట చూసే కార్యక్రమం చేస్తానంటే అమెరికా నెట్‌వర్కులు ఒప్పుకోలేదు. చివరికి ఇంగ్లండులో ఏటీవీ అనే సంస్థ నడిపే లూ గ్రేడ్ సరే అన్నాడు. లండన్ దగ్గర ఎల్‌స్ట్రీ స్టూడియోలో 1976 నుంచి 1981 దాకా 120 ఎపిసోడ్లు తీశారు. నూరుకు పైగా దేశాల్లో చూశారు. సొంత దేశంలో తలుపులు మూసిన కళకు పరాయి దేశంలో జాగ దొరికింది.

ఆ కార్యక్రమంలో ఏముంటుంది? ఒక పాత నాటకశాల. వారం వారం ఒక ప్రదర్శన. మేనేజరు కెర్మిట్. ఎలుగుబంటి ఫాజీ జోకులు పేలవు. గోంజో చేసే సాహసాలు బెడిసికొడతాయి. డ్రమ్ములు వాయించే యానిమల్‌ను గొలుసుతో కట్టాలి. మిస్ పిగ్గీకి కోపమొస్తే ఎవరి మీద దెబ్బ పడుతుందో తెలియదు. పై బాల్కనీలో స్టాట్లర్, వాల్డార్ఫ్ అనే ఇద్దరు ముసలాయనలు కూర్చొని ప్రతి అంశాన్నీ తిట్టిపోస్తుంటారు. తిట్టి మళ్లీ వచ్చే వారం అదే సీట్లో కూర్చుంటారు. ఎవ్వరికీ ఏదీ సరిగ్గా రాదు. అయినా ఎవ్వరినీ బయటికి గెంటరు. ఈ బొమ్మల మంచితనమంతా ఇందులోనే ఉంది. చేతగానోడికి కూడా ఇక్కడ ఒక వేషం ఉంటుంది.

1990 మే 16న హెన్సన్ చనిపోయాడు. వయసు 53 ఏండ్లే. అప్పటికే బొమ్మలను డిస్నీకి అమ్మే బేరం నడుస్తోంది. ఆయన పోయాక ఆ బేరం తెగిపోయింది. 2000లో జర్మనీకి చెందిన ఈఎం టీవీ అనే కంపెనీ 68 కోట్ల డాలర్లకు హెన్సన్ సంస్థను కొన్నది. ఆ కంపెనీ కష్టాల్లో పడింది. 2003లో హెన్సన్ పిల్లలు సంస్థను చాలా తక్కువ ధరకు మళ్లీ కొనుక్కున్నారు. 2004 ఫిబ్రవరిలో మప్పెట్లు డిస్నీ చేతికి పోయాయి. 1999 తర్వాత పన్నెండేండ్లు వీటితో థియేటరు సినిమా రానేలేదు. తల్లి కోటు ముక్క ఎన్ని చేతులు మారిందో చూడండి!

ఇప్పుడు సినిమా కథకు వద్దాం. వాల్టర్ స్మాల్‌టౌన్ అనే ఊళ్లో పెరిగిన బొమ్మ. అన్న గ్యారీ మనిషి. అన్న ఏటికేడు పెరుగుతాడు, తమ్ముడు పెరగడు. తనలాంటివాళ్లు లోకంలో ఎక్కడా లేరనుకున్నవాడికి టీవీలో మప్పెట్ షో కనిపిస్తుంది. నాలాంటివాళ్లు ఉన్నారు, వాళ్లకొక జాగ ఉంది, అందరూ వాళ్లను చూసి చప్పట్లు కొడుతున్నారు! ఆ పిల్లగాడికి టీవీ ఇచ్చింది వినోదం ఒక్కటే కాదు, తనెవరో తెలిసే సోయి. తన మాట, తన తీరు తెర మీద ఎన్నడూ చూసుకోనివాళ్లకు ఆ క్షణం విలువ తెలుస్తుంది.

వాల్టర్ లాస్ ఏంజిలెస్ పోతాడు. స్టూడియో పాడుబడి ఉంది, బూజు పట్టి ఉంది. అక్కడ దాక్కొని ఒక మాట వింటాడు. చమురు వ్యాపారి టెక్స్ రిచ్‌మన్ ఆ జాగను మ్యూజియం చేస్తానని చెప్పి కొంటున్నాడు. అసలు సంగతి, కింద చమురు ఉంది. నాటకశాలను కూలగొట్టి బోరు దించాలని అతని ఆలోచన. ఇంగ్లిషులో ఆ పేరుకు అర్థమే డబ్బున్నోడు. కెర్మిట్ ఎన్నడో సంతకం పెట్టిన ఒప్పందం గడువు ముగియబోతోంది. ఆ లోపల కోటి డాలర్లు కట్టకపోతే నాటకశాల పోతుంది. తర్వాత ఇంకొక సంగతి బయటపడుతుంది. జాగతో పాటు మప్పెట్లు అన్న పేరు కూడా పోతుంది. ఆ పేరు పెట్టుకొని బతికే హక్కు వాళ్లకే ఉండదు. వాళ్లలాగా వేషం కట్టిన నకిలీ గుంపు ఒకటి ఇప్పటికే తయారుగా ఉంది.

మిత్రులారా, ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఇల్లు గుంజుకోవడం ఒక ఎత్తు, పేరు గుంజుకోవడం ఇంకొక ఎత్తు. ఇల్లు పోతే ఇంకోచోట గుడిసె వేసుకోవచ్చు. పేరు పోతే నేను ఫలానా అని చెప్పుకునే నోరే పోతుంది.

ఆ గుంపంతా అప్పటికి ఎట్లున్నది? కెర్మిట్ పెద్ద బంగళాలో ఒక్కడే ఉన్నాడు. ఫాజీ రీనోలో నకిలీ గుంపుతో కలిసి పొట్టపోసుకుంటున్నాడు. గోంజో మరుగుదొడ్ల సామాను వ్యాపారంలో కోటీశ్వరుడయ్యాడు. పిగ్గీ పారిస్‌లో ఫ్యాషన్ పత్రికలో పెద్ద కుర్చీలో ఉంది. యానిమల్‌ను కోపం తగ్గించే ఆశ్రమంలో పెట్టారు, డ్రమ్ము అన్న మాట కూడా అనొద్దని నియమం. అందరికీ బతుకుదెరువు ఉంది. ఎవ్వరికీ తన పని లేదు. ఉద్యోగం వేరు, తన పని వేరు. మంచి జీతం తీసుకుంటూ కూడా చేతులు ఊరికే ఉన్నట్టు అనిపించేవాళ్లు ఈ సభలో ఉన్నారని నాకు తెలుసు.

వాల్టర్, గ్యారీ, మేరీ తోడుంటే కెర్మిట్ ఒక్కొక్కరి దగ్గరికి పోయి పిలుస్తాడు. ఆజ్ఞ వేయడు, బతిమాలుతాడు. కొందరు వెంటనే వస్తారు. పిగ్గీ రాదు. పాత గాయం ఉన్నది మరి. చివరికి తనంతట తానే వస్తుంది. టీవీ చానల్ చుట్టూ తిరుగుతారు. మీ పాత జోకులు ఇప్పుడెవరికి కావాలి అన్నట్టే మాట్లాడతారు. ఒక కార్యక్రమం రద్దయితే ఆ ఖాళీ రెండు గంటలు వీళ్లకు దొరుకుతాయి. టీవీలో ఆడుతూ పాడుతూ, జనాన్ని ఫోన్లు చేసి చందా ఇమ్మని అడిగే కార్యక్రమం. అక్కడ దాన్ని టెలిథాన్ అంటారు. మన భాషలో జోలె పట్టడం అనుకోవచ్చు. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. ఒక్కడి డబ్బు సంచికి ఎదురు నిలబడాలంటే వెయ్యి మంది చిల్లర కావాలి.

ఆఖరి ఘట్టం మీరు చూశారు. బోర్డు మీద కోటికి ఒక్క డాలరు తక్కువ. ఒక్క డాలరు! సభంతా ఊపిరి బిగబట్టింది. ఫాజీ తల పోయి బోర్డుకు తగిలితే అప్పటిదాకా వెలగని చుక్క వెలుగుతుంది. అది దశాంశ బిందువు. వచ్చింది కోటి కాదు, లక్షకు ఒక్క సెంటు తక్కువ. ఇక్కడ మన పిల్లలు కొందరు అయ్యో అన్నారు, నేను విన్నాను. పిల్లల సినిమాలో ఓటమిని ఇంత బాహాటంగా చూపడానికి ధైర్యం కావాలి. ఓడిపోయాక కెర్మిట్ చెప్పే మాటల సారం ఇంతే: కలిసి ప్రయత్నించాం, పేరు పోయినా మనం మనమే, కింది నుంచి మళ్లీ మొదలుపెడదాం. తల వంచుకొని బయటికొస్తే వీధి నిండా జనం. జనం మరిచిపోయారని చెప్పింది చానల్ వాళ్లు. జనం ఎన్నడూ ఆ మాట అనలేదు.

చివరి పేర్లు పడేటప్పుడు గోంజో విసిరిన బంతి రిచ్‌మన్ తలకు తగిలి, అతనికి నవ్వు వచ్చి, నాటకశాల తిరిగి ఇచ్చేస్తాడు. సినిమా వాళ్లకూ తెలుసు ఇది జరిగే పని కాదని. అందుకే దాన్ని కథలో పెట్టలేదు, కథ అయిపోయాక నవ్వులాటగా పెట్టారు. నిజం బతుకులో డబ్బున్నవాళ్ల తలకు అట్లాంటి బంతులు తగలవు.

ఈ అమాయకమైన సినిమా మీద కూడా కొందరికి కోపమొచ్చింది. 2011 డిసెంబరులో ఫాక్స్ బిజినెస్ చానల్‌లో చర్చ పెట్టారు. చమురు వ్యాపారిని దుర్మార్గుడిగా చూపి పసిపిల్లలకు సంపన్నుల మీద ద్వేషం నూరిపోస్తున్నారని గోల చేశారు. 2012 జనవరిలో లండన్‌లో విలేకరులు అడిగితే కెర్మిట్ నవ్వుతూ జవాబిచ్చాడు. చమురు కంపెనీలంటే మాకు పడకపోతే సినిమా అంతా పెట్రోలు తాగే రోల్స్ రాయిస్ కారులో ఎందుకు తిరుగుతామన్నాడు. పిల్లల సినిమాలో ఒక్క దుష్టుడు చమురు వ్యాపారి అయితేనే అంత ఉలికిపాటు! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

ఇంకొక విమర్శ ఇంటి లోపలి నుంచే వచ్చింది. పిగ్గీకి, ఫాజీకి ప్రాణం పోసిన ఫ్రాంక్ ఆజ్ ఈ సినిమాలో పాల్గొనలేదు. ఈ రచనలో పాత్రలకు తగిన గౌరవం లేదని ఆయన అభిప్రాయం. ఈ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. అభిమాని యాది వేరు, ఆ పని చేసిన చేతుల యాది వేరు. సీగెల్ చిన్నప్పుడు టీవీ ముందు కూర్చొని ప్రేమించినవాడు. ఆజ్ కెమెరా కింద చెయ్యెత్తి నిలబడినవాడు. ప్రేమించాను కాబట్టి నాకు నచ్చినట్టు మార్చుకుంటా అంటే కుదరదు.

ఇప్పుడు అసలు కిటుకు. పేరు గుంజుకునే వ్యాపారి కథ చెప్పిన ఈ సినిమాకు డబ్బు పెట్టింది ఎవరు? డిస్నీ. ఆ పేరు ఎవరి చేతుల్లో ఉంది? 2004 నుంచి డిస్నీ చేతుల్లోనే. 1990 నుంచి కెర్మిట్‌ను ఆడించిన స్టీవ్ విట్‌మైర్‌ను 2016లో తప్పించారు. ఆ సంగతి 2017లో బయటికొచ్చింది. కంపెనీ కారణాలు కంపెనీ చెప్పింది, ఆయన తన వాదన వినిపించాడు. ఎవరిది తప్పన్న తీర్పు మనం ఇవ్వనక్కరలేదు. కెర్మిట్ చెయ్యి ఎవరిదై ఉండాలో నిర్ణయించే హక్కు కాయితం ఉన్నవాళ్లదే అన్నది మాత్రం మనం చూడాలి. ఫ్లారిడాలోని డిస్నీ పార్కులో మప్పెట్ల నాటకశాల ఒకటి 1991లో మొదలైంది. హెన్సన్ తన చివరి రోజుల్లో చేసిన పని అది. 2025 జూన్‌లో దాన్ని మూసేశారు, ఆ జాగలో వేరే సినిమా బొమ్మల ప్రాంగణం వస్తుందని ప్రకటించారు. అదే పార్కులో ఒక రోలర్ కోస్టర్‌ను మప్పెట్లకు ఇస్తామని కూడా కంపెనీ చెప్పింది. ఇచ్చేదీ వాళ్లే, తీసేదీ వాళ్లే.

కంపెనీని తిట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. డిస్నీ డబ్బు పెట్టకపోతే ఈ సినిమా లేదు. 2021లో పాత మప్పెట్ షోను తన స్ట్రీమింగ్‌లో పెట్టింది కాబట్టే ఈనాటి పిల్లలు చూడగలుగుతున్నారు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ కాయితానికి కోట్ల విలువ ఎక్కడి నుంచి వచ్చింది? జనం యాది నుంచి వచ్చింది. జనం మరిచిపోయి ఉంటే ఆ ఒప్పందం చిత్తు కాగితం. విలువ పుట్టించింది లక్షల ఇండ్లల్లో కలిసి కూర్చున్న జనం, ఆడించిన చేతులు. ధర తీసుకునేది సంతకం ఉన్నవాడు. యాదిని తక్కువ చేయొద్దు, కాయితాన్ని కూడా తక్కువ చేయొద్దు.

విద్యార్థులకు ఒక మాట. మీ ఊళ్లో పాటలు పాడేవాళ్లు, కథలు చెప్పేవాళ్లు, బొమ్మలాడించేవాళ్లు ఉంటారు. ఎవరో వచ్చి రికార్డు చేస్తామంటారు, సంతకం పెట్టమంటారు. ఆ కాయితం మీరు చదవండి. ఏ హక్కులు, ఎన్నేండ్లకు, ఎక్కడెక్కడ అన్నది అడగండి. ఒక నకలు వాళ్ల చేతిలో పెట్టించండి. మన దేశంలో 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. సినిమా పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు, ఆ పాటను సినిమా హాలు బయట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. ఆ వాటాను కంపెనీకి వదులుకుంటున్నానని సంతకం పెట్టించుకున్నా చెల్లదు. ఇట్లాంటి రక్షణ ఊరికే రాలేదు, కళాకారులు ఏండ్ల తరబడి కొట్లాడితే వచ్చింది. చట్టం ఉన్నా తెలియకపోతే లేనట్టే.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. రిచ్‌మన్ కొలువులో అంకుల్ డెడ్లీ అనే బొమ్మ ఉన్నాడు గదా. సినిమా అంతా యజమాని చెప్పింది చేస్తాడు. చివర్లో ప్రసారం ఆపడానికి యజమాని మిద్దె ఎక్కితే, నేనూ మప్పెట్‌నే గదా అని యాదికొచ్చి అడ్డం నిలబడతాడు. జీతం ఇచ్చేవాడి దగ్గర ఉంటూ కూడా తనెవరో మరిచిపోకపోవడం అంటే అదే.

ఇక పిల్లలూ, మీకు. వాల్టర్‌కు పాట రాదు, ఆట రాదు, జోకులు రావు. ఏం చేయాలో తెలియక భయపడి, చివరికి వేదిక మీద నిలబడి ఈల వేశాడు. అంతే. సభంతా లేచి నిలబడింది. మీకు కూడా ఏదో ఒకటి వచ్చే ఉంటుంది. ఇంటికి పోయినాక మీ అమ్మనో నాయిననో కూర్చోబెట్టి, చిన్నప్పుడు టీవీలో ఏం చూసేవాళ్లు, ఎవరింట్లో చూసేవాళ్లు, పక్కన ఎవరు కూర్చునేవాళ్లు అని అడగండి. వాళ్లు చెప్పింది నోటుపుస్తకంలో రాసి పెట్టండి. తారీఖు వేయండి, కింద మీ పేరు కూడా రాయండి.

సెలవు.